మేస్త్రి చాల్ ఖాళీ అయిన వాన

జీపు ఫోరస్ రోడ్డు మలుపు దగ్గర ఆగిపోయింది. జూన్ నెల. రోడ్డు మీద మోకాళ్ల దాకా నీళ్లు. ముందు ఒక చేతిబండి చక్రం గుంతలో ఇరుక్కుంది. హారన్ కొట్టి లాభం లేదని డ్రైవరు దిగి తోశాడు. నేనూ దిగి తోశాను. బండి కదిలింది. మేమిద్దరం నడుము దాకా తడిశాం. అలా చేరాను ఆ డ్యూటీకి.

ఇంజనీర్ దళంలో హవల్దారుగా చేసి బయటికి వచ్చినవాణ్ని. ఎడారి చూశాను. మంచు చూశాను. వంతెనలు కట్టాను, మందుపాతరలు తీశాను. ఎక్కడికి వెళ్లమంటే అక్కడికి సామాను భుజాన వేసుకుని వెళ్లాను. ఈసారి పంపింది నేను పుట్టిన చోటికే. బొంబాయి కామాఠీపురాకి. ఎనభైల మొదటి సంవత్సరాల మాట ఇది.

ఫౌజు సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట చెప్పాలి. సైనికుడు యూనిఫారం విప్పాక అతని మంచీ చెడ్డా చూడడానికి రాష్ట్ర ప్రభుత్వంలో ఒక అధికారి ఉంటాడు. పింఛను ఆగినా, పని దొరకకపోయినా, యుద్ధంలో భర్త పోయిన ఆడమనిషికి దిక్కు లేకపోయినా ఆయన దగ్గరికే వెళ్లాలి. మా అధికారికి దానితోపాటు ఇంకో బాధ్యత కూడా అప్పగించారు. కామాఠీపురా వార్డుల్లో ప్రజల రక్షణ. నిప్పంటుకున్నా, నీళ్లు ముంచినా, గొడవలు లేచినా, ఇల్లు కూలినా మొదట వెళ్లాల్సింది మా జట్టు. జట్టులో అందరమూ మాజీ సైనికులమే. చాలామందిమి తెలుగు చాళ్లలో, ఆ ఒంటిగదుల మేడల్లో పెరిగినవాళ్లమే.

ఆఫీసు ఒక పాత గోడౌను. రేకుల కప్పు. లోపల నాలుగు స్ట్రెచర్లు, తాళ్ల చుట్టలు, గడ్డపారలు, పారలు, ఇనుప టోపీలు, చేత్తో తిప్పే సైరన్ ఒకటి, రెండు వైర్‌లెస్ సెట్లు. ఒక సెట్టు ఎప్పుడూ రిపేరులోనే ఉండేది. దాన్ని చూసుకునే ఆపరేటర్ ఫౌజు సిగ్నల్స్ దళంలో పనిచేసి వచ్చాడు. కరీంనగర్ మనిషి. మాట తక్కువ, చాయ్ ఎక్కువ.

అధికారిని మేము మేజర్ సాబ్ అనేవాళ్లం. సతారా వైపు మరాఠీ మనిషి. పొడుగు. ఎడమకాలికి మూడు వేళ్లు లేవు. ఆ బూటులో గుడ్డ కుక్కుకుని నడిచేవాడు. ఫౌజులో తెలుగు జవాన్లతో ఏళ్ల తరబడి తిరగడం వల్ల ఆయనకు తెలుగు వచ్చు. ఆ తెలుగులో 'మీరు' ఉండదు. చిన్నా పెద్దా అందరూ 'నువ్వే'.

నేను సెల్యూట్ చేసి నిలబడ్డాను. ఆయన తడిసిన నా బట్టల వైపు చూశాడు.

"హవల్దార్, నువ్వు ఈ గల్లీ వాడివేనా?"

"అవును సాబ్. ఇక్కడ్నే పుట్టిన."

"మేస్త్రి చాల్ తెలుసా?"

"మా చాల్‌కు ఎదురుంగనే సాబ్."

"అక్కడ రాజవ్వ ఉంటుంది. బట్టలు మార్చుకుని రా. మొదటి డ్యూటీ అదే. నన్ను అక్కడికి తీసుకెళ్లు."

రాజవ్వ నాకు తెలియకపోవడమేమిటి? మా అమ్మకు చెల్లెలి వరస కాకపోయినా చెల్లెలి కన్నా ఎక్కువ. ఆమె భర్త కూడా నాలాగే ఇంజనీర్ దళంలో జవాను. డెబ్బయ్యొకటి యుద్ధంలో ఒక పొలంలో మందుపాతరలు తీస్తూ పోయాడు. అతన్ని ఆ పొలంలోకి పంపిన కుర్ర అధికారి ఎవరో నాకు ఆ రోజు దాకా తెలియదు. వెనకే వెళ్లిన ఆ అధికారి కాలివేళ్లు కూడా అదే పేలుడులో పోయాయట.

మేస్త్రి చాల్ మూడంతస్తులది. సున్నం, ఇటుక, టేకు దూలాలు. వీధి వైపు చెక్క గ్యాలరీ. ఒక తెలుగు మేస్త్రి కట్టించాడని ఆ పేరు. మా తాతల తరం పాలమూరు నుంచి వచ్చి ఈ ఊళ్లో రాయి మోసినవాళ్లు, సున్నం దంచినవాళ్లు. తమ కోసం తాము ఉండడానికి కట్టుకున్న గోడలు ఈ నాలుగు గల్లీల్లోనే ఉన్నాయి. రాజవ్వ గది, ఖోలీ అంటారు అక్కడ, కింద, మెట్ల పక్కన. ఖోలీ ముందు పొయ్యి. జొన్నరొట్టెలు కాల్చి అమ్మేది. కొత్తగా పాలమూరు నుంచి దిగిన కూలీలు పొద్దున్నే పనికి పోయే ముందు అక్కడ వరస కట్టేవాళ్లు. రొట్టె, ఎర్రకారం, ఉల్లిగడ్డ. ఊరు వదిలి వచ్చినవాళ్లకు ఆ పొయ్యి దగ్గర కూర్చుంటే ఊళ్లో కూర్చున్నట్టు.

మేజర్ సాబ్ పొయ్యి ముందు గొంతుక్కూర్చున్నాడు. ఆ కాలితో అలా కూర్చోవడం కష్టం. అయినా కూర్చున్నాడు.

"అవ్వా, నేను గుర్తున్నానా? నీ మనిషి నా దగ్గరే ఉండేవాడు."

రాజవ్వ పెనం మీద రొట్టె తిప్పింది. ఆయన మొహం చూసింది.

"సచ్చిపోయిండని చెప్పనీకి నువ్వే గద అచ్చింది. అప్పుడు మీసాలు లేకుండె నీకు."

"అవును అవ్వా."

"తినుడు అయిందా? కూసో. రొట్టె తిని పో."

అంతే. ఆ తర్వాత ఆయన వారానికి ఒకసారైనా అక్కడికి వెళ్లేవాడు. ఆమె ఆయన్ని 'కొడుకా' అనేది. రాష్ట్ర ప్రభుత్వ అధికారిని కొడుకా అని పిలిచే మనిషి ఆ ఊళ్లో ఇంకెవరూ ఉండరు.

ఆయన పనితీరు గురించి చెప్పకపోతే తప్పవుతుంది. కుర్చీలో కూర్చోవడం ఆయనకు చేతకాదు. కాళ్లు లేని మాజీ ఫౌజీ నాయక్ ఒకడు ఫాక్‌లాండ్ రోడ్డులో దుకాణం అరుగు మీద అడుక్కుంటున్నాడని తెలిసి తానే వెళ్లి జీపులో ఎక్కించుకొచ్చాడు. అతనికి టైలర్ పని నేర్పించాడు. మిల్లులు మూతపడి మనవాళ్లు రోడ్డున పడ్డప్పుడు ఇల్లిల్లూ తిరిగి మాజీ జవాన్లకు వాచ్‌మన్ పనులు ఇప్పించాడు. నేను ఫౌజులో చాలామంది అధికారుల కింద చేశాను. కిందివాడి ఇంట్లో చాయ్ తాగి, గిన్నె తనే కడిగిన అధికారిని ఈయన్నొక్కణ్నే చూశాను. ఇవన్నీ ఇప్పుడు ఎవరికీ గుర్తులేవు. ఆయన పేరు చెబితే సచివాలయంలోనైనా, మా గల్లీలోనైనా గుర్తొచ్చేది ఒక్క సంగతే. అదే చెప్పబోతున్నాను.

మరుసటి ఏడు వాన ముందే మొదలైంది. జూలైలో వారం పాటు తెరిపి లేదు. వేరే పేటలో ఒక చాల్ కూలి మనుషులు పోయారు. మా జట్టు అక్కడికి వెళ్లింది. దూలాల కింద నుంచి తీసినవాళ్లలో ఒక తల్లీ ఇద్దరు పిల్లలూ ఉన్నారు. తిరిగొచ్చి ఆఫీసు దగ్గర దిగాక మేజర్ సాబ్ అన్నాడు.

"హవల్దార్, మన గల్లీల్లో గోడలన్నీ చూడాలి. రేపటి నుంచే."

మేస్త్రి చాల్ వెనక గోడకు పగులు ఉంది. ఎప్పటి నుంచో ఉంది. అందరికీ తెలుసు. అంతకు రెండేళ్ల ముందు మరమ్మతుల ఆఫీసు వాళ్లు వచ్చి కర్రలతో ఊతాలు పెట్టి పోయారు. ఇప్పుడు చూస్తే పగులులో నా వేళ్లు పట్టాయి. దారానికి ఇనుప గుండు కట్టి పైనుంచి వేలాడదీశాం. గోడ మధ్యలో బయటికి ఉబ్బింది. పగులుకు అడ్డంగా సన్నటి గాజుపలక పెట్టి రెండు పక్కలా సున్నంతో అతికించాం. గోడ కదిలితే గాజు విరుగుతుంది. వంతెనల దగ్గర మేము చేసే పనే అది.

మరమ్మతుల ఇంజనీరు కూడా వచ్చి చూశాడు. కుర్రవాడు కాదు, అనుభవం ఉన్న మనిషే.

"ఈ గోడ ఇట్లాగే ఉంటుంది మేజర్ సాబ్," అన్నాడు. "ఇంకో నాలుగు ఊతాలు పెడతాను. ఈ వానాకాలం దాటేస్తుంది."

"దాటకపోతే?"

"అట్లా అంటే ఈ ఊళ్లో సగం ఇళ్లు ఖాళీ చేయించాలి."

మర్నాడు పొద్దున్న వెళ్లి చూశాం. గాజుపలక రెండు ముక్కలై ఉంది.

మేజర్ సాబ్ ఒక ముక్కను చేతిలోకి తీసుకున్నాడు. వాన టోపీ అంచు మీద నుంచి ధారగా కారుతోంది. రెండో అంతస్తు నుంచి ఒకామె అరిచింది. తలుపు బిగుసుకుపోయిందట, తెరుచుకోవడం లేదట. చౌకట్టు ఒరిగితేనే అలా అవుతుంది. గడ్డపారతో తలుపు తీశాను. పైనుంచి దిగుతుంటే గోడలో నుంచి చప్పుడు వినబడింది. ఎండుకర్ర విరిచినట్టు, సన్నగా. అది నేనొక్కణ్నే వినలేదు. ఆయనా విన్నాడు.

జీపు దగ్గరికి వచ్చాం. ఆపరేటర్ చెవికి సెట్టు ఆనించుకుని కూర్చున్నాడు.

"కంట్రోల్ ఏమంటోంది?"

"ఆగుమంటున్నరు సాబ్. ఆర్డర్ అచ్చేదాంక ఎవర్నీ కదిలియ్యొద్దంట."

"మళ్లీ పిలువు."

"పిలిచిన. పెద్దసాబ్ మీటింగ్‌ల ఉన్నడంట."

"మీటింగ్ అయ్యేదాకా ఆగమని గోడకు ఎవరు చెప్తారు?"

మేజర్ సాబ్ నా వైపు తిరిగాడు.

"హవల్దార్. నీకేమనిపిస్తుంది?"

ఫౌజులో హవల్దారును ఆ ప్రశ్న అడిగే అధికారులు తక్కువ. నాకు అనిపించిందే చెప్పాను. "నిలబడదు సాబ్."

ఇప్పటికీ అడిగితే ఆ గోడను ఆ రోజు చూసినవాడిగా అదే చెబుతాను.

"ఖాళీ చేయించు," అన్నాడు. "ఆర్డర్ నాది. అడిగినవాళ్లకు నా పేరు చెప్పు."

సైరన్ తిప్పాం. జనం గ్యాలరీల్లోకి వచ్చి చూశారు కానీ కదలలేదు. పై అంతస్తు నుంచి ఒకాయన నా పేరు పెట్టి అరిచాడు.

"ఏందిరా నర్సింలూ, ఫౌజీలొచ్చి ఇండ్లు గుంజుకుంటరా? ఈ వానల యాడికి పోతం?"

"స్కూలు తెరిపిచ్చినం కాకా. గోడ ఆగిందంటే మల్లొత్తం."

"అగో, మల్లొత్తరంట. పోయినోడు మల్లొచ్చిండా ఈ బొంబైల?"

చాల్ యజమాని గుమాస్తా గొడుగు వేసుకుని వచ్చాడు. అభ్యంతరం చెప్పడానికే వచ్చాడనుకున్నాను. ఏమీ అనలేదు. ఒక పక్కగా నిలబడి చూశాడు. నిజానికి అక్కడ అందరికన్నా ముందు గొడవ పెట్టుకోవాల్సింది అతనే. ఆ మాట నాకు ఆ రోజు తట్టలేదు. మేజర్ సాబ్‌కూ తట్టలేదు. మా కళ్లు గోడ మీదే ఉన్నాయి.

చివరికి మేజర్ సాబ్ రాజవ్వ పొయ్యి దగ్గరికి వెళ్లాడు. ఆమె కదిలితే చాల్ కదులుతుందని ఆయనకు తెలుసు. ఆమె ఖోలీ గోడకు వీపు ఆనించి కూర్చుని పిండి కలుపుతోంది.

"అవ్వా, లే. గోడ పడుతుంది."

"నిజంగ పడతదా కొడుకా?"

"పడుతుంది. రేపు పొద్దుటికి ఉండదు."

రాజవ్వ పిండి చేతుల్తోనే ఆయన మొహంలోకి చూసింది. నేను పక్కనే ఉన్నాను. ఆ చూపు నాకు అర్థమైంది. పదేళ్ల కింద ఇదే మనిషి వచ్చి ఒక మాట చెప్పాడు. అది అబద్ధం కాలేదు. ఇప్పుడు చెప్పేదీ అబద్ధం కాదని ఆమె నమ్మింది.

లేచింది. పెనం తీసుకుంది. భర్త ఫోటో తీసుకుంది. గ్యాలరీల వైపు తలెత్తి గట్టిగా అరిచింది.

"దిగుండ్రి! ఏం సూస్తున్నరు? నా కొడుకు చెప్తున్నడు, పడతదంట. పిల్లల్ని దింపుండ్రి ముందు!"

దిగారు. రెండు గంటలు పట్టింది. మెట్ల పొడవునా తాడు కట్టాం. ట్రంకు పెట్టెలు, కుట్టుమిషన్లు, దేవుడి పటాలు, నీళ్ల డ్రమ్ములు. పక్షవాతం వచ్చిన ముసలాయన్ని స్ట్రెచర్ మీద దింపాం. ఆఖరున మేజర్ సాబ్ ఒక్కడే పైకి వెళ్లి ఖోలీ ఖోలీ తలుపు తట్టి చూసి వచ్చాడు. ఆ కాలితో మూడంతస్తులు ఎక్కాడు. పడుతుందని నమ్మిన ఇంట్లోకి ఒక్కడే వెళ్లాడు. ఇది ఎవరూ రాయలేదు. అందుకే నేను చెబుతున్నాను.

స్కూల్లో అందరూ సర్దుకున్నారు. కిచిడీ వండించాం. మేము గల్లీ మొదట్లో తాడు కట్టి కాపలా ఉన్నాం. తెల్లవారింది. వాన తగ్గలేదు.

మేస్త్రి చాల్ నిలబడి ఉంది.

ఇంకో రోజు గడిచింది. వారం గడిచింది. నిలబడే ఉంది. మొదట్లో జనం నవ్వుకున్నారు. "ఏం మేజర్ సాబ్, మీ గోడ నిద్రపోయిందా?" అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ప్రాణాలు కాపాడాడని గల్లీ గణపతి మండపం వాళ్లు ఆయనకు శాలువా కప్పుతామన్నారు. కొన్నాళ్లకు ఆ మాట ఎత్తడం మానేశారు. ఆ తర్వాత నవ్వడం కూడా మానేశారు.

స్కూలు తెరవాలి. పిల్లలు రావాలి. చాల్ వాళ్లను ఊరి చివర మలాడ్ అవతల బురదనేల మీద కట్టిన రేకుల షెడ్లకు పంపారు. తాత్కాలికమన్నారు. లారీలో సామాను ఎక్కించింది మా జట్టే. ఇంతలో యజమాని మనుషులు వచ్చి చాల్ చెక్కమెట్లు ఊడదీసుకుపోయారు. ఎవరైనా ఎక్కి ప్రమాదం తెచ్చుకుంటారని అలా చేశామన్నారు. నల్లా గొట్టాలు తీసేశారు. మెట్లు లేని ఇంట్లోకి, నీళ్లు లేని ఇంట్లోకి ఎవరు తిరిగి వెళ్తారు? గుమాస్తా ఆ రోజు ఎందుకు మాట్లాడలేదో అప్పుడు తెలిసింది.

మేజర్ సాబ్ ఊరుకోలేదు. ఒక్కో ఆఫీసుకూ వెళ్లాడు. నన్ను వెంట తీసుకెళ్లేవాడు. గోడ మళ్లీ కట్టించండి, వాళ్లను తిరిగి పంపండి అని అడిగాడు. ప్రతిచోటా ఒకే జవాబు.

"ప్రమాదమని చెప్పింది మీరే కదా సాబ్. మీరు ఖాళీ చేయించిన ఇంట్లోకి మళ్లీ పంపితే, రేపు పడితే ఎవరిది బాధ్యత?"

ఆయన మాటే ఆయనకు అడ్డం పడింది. ఊతాలు చాలన్న ఇంజనీరు దగ్గరికి కూడా వెళ్లాడు. తన తప్పని ఒప్పుకుంటానన్నాడు. ఇంజనీరు మంచివాడే. కుర్చీ జరిపి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"మీ తప్పని నేను ఎట్లా రాయను మేజర్ సాబ్? నలభై కుటుంబాల బరువు దిగబట్టి నిలిచిందేమో. డ్రమ్ముల నీళ్లు, మనుషులు, సామాను. అవన్నీ ఉంటే ఆ రాత్రి ఏమయ్యేదో నాకు తెలియదు. మీకూ తెలియదు."

ఆ మాట నిజమే. ఇంజనీర్ దళంలో పనిచేసినవాడిగా నాకూ అదే అనిపిస్తుంది. కానీ ఆ మాటతో ఎవరికీ తలుపు తెరుచుకోలేదు. పై అధికారులు విచారణ పెట్టారు. ఆర్డర్ లేకుండా ఎందుకు చేశావని అడిగారు. ఆపరేటర్‌ను పిలిచారు. ఆగమన్న సంగతి సాబ్‌కు చెప్పావా అని అడిగారు. చెప్పానన్నాడు. అది నిజం. బయటికి వచ్చి గోడౌను వెనక కూర్చుని ఏడ్చాడు. ప్రజల రక్షణ బాధ్యత మేజర్ సాబ్ నుంచి తీసేశారు. ఇనుప టోపీలు, స్ట్రెచర్లు, సైరన్ వేరే ఆఫీసుకు వెళ్లిపోయాయి. ఆయనకు మాజీ సైనికుల పని ఒక్కటే మిగిలింది.

మా గల్లీలో నల్లా దగ్గర మా అమ్మతో మాట్లాడేవాళ్లు తగ్గిపోయారు. అమ్మ నన్ను ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. పొద్దున్నే పాలమూరు కూలీలు మేస్త్రి చాల్ ముందు వచ్చి నిలబడి చూసేవాళ్లు. కొత్తవాళ్లు నన్ను అడిగేవాళ్లు.

"రొట్టెల అవ్వ యాడికి వోయింది అన్నా?"

మలాడ్‌లో రాజవ్వ రొట్టెలు కొనేవాళ్లు లేరు. అక్కడ అందరూ తలో దిక్కు నుంచి తెచ్చి పడేసినవాళ్లే. కొన్నాళ్లు ఆమె పొద్దున్న లోకల్ రైల్లో వచ్చింది. పెనం సంచిలో పెట్టుకుని, ఒళ్లో పిండి మూటతో. ఫాక్‌లాండ్ రోడ్డులో ఒక దుకాణం మెట్టు మీద పొయ్యి పెట్టింది. మున్సిపాలిటీ వాళ్లు లేపారు. మళ్లీ పెట్టింది. ఆ గుంపుల్లో ఎక్కలేక, దిగలేక మోకాళ్లు దెబ్బతిన్నాయి. ఒక రోజు ప్లాట్‌ఫాం మీద జారి పడింది. ఆ తర్వాత రాలేదు.

మేజర్ సాబ్ ప్రతి ఆదివారం మలాడ్ వెళ్లేవాడు. బురదలో ఆ కాలు ఈడ్చుకుంటూ. ఒకసారి నేనూ వెళ్లాను. రేకుల షెడ్డు ముందు మంచం మీద కూర్చుని ఉంది రాజవ్వ. ఆయన్ని చూడగానే అడిగింది.

"పడ్డదా కొడుకా?"

"లేదు అవ్వా. ఇంకా లేదు."

"అయ్యో."

నేను ఆగలేకపోయాను. "చిన్నమ్మా, అట్ల ఎందుకడుగుతవ్? సాబ్‌కు మనసు నొస్తది."

ఆమె నా వైపు వింతగా చూసింది.

"ఎత్తిపొడుస్తున్ననా? లేదు బిడ్డా. అది పడితె నా మనసు తీరుతది. పోయిందని అనుకుంట. నిలబడే ఉంటె నా ఖోలీ ఆడ్నే ఉన్నట్టు, నేనే రాకుండ ఈడ కూసున్నట్టు అయితది. రాత్రి పండుకుంటె పొయ్యి ఆర్పిన్నా లేదా అనిపిస్తది."

తిరుగు రైల్లో, అంధేరీ దాటాక, కిటికీ బయటికి చూస్తూ మేజర్ సాబ్ అన్నాడు.

"రెండుసార్లు, హవల్దార్. ఆ ఇంటివాళ్లు రెండుసార్లు నా మాట మీదే వెళ్లారు. మొదట ఆయన. తర్వాత ఆమె."

"మీరు మంచికే చెప్పిండ్రు సాబ్."

"రెండుసార్లూ మంచికే చెప్పాను."

తర్వాత ఆయన ఏ ఆదివారం వెళ్లినా ఆమె అదే అడిగేది. ఆయన అదే జవాబు చెప్పేవాడు. అబద్ధం చెప్పొచ్చు కదా అన్నాను ఒకసారి. పడిపోయిందని చెప్పండి, ముసలామె నిద్రపోతుంది. ఆయన తల అడ్డంగా తిప్పాడు. ఆమెకు ఎప్పుడూ అబద్ధం చెప్పలేదన్నాడు. చెప్పిన మాట అబద్ధమైతే అయింది గానీ, అబద్ధమని తెలిసి చెప్పలేదన్నాడు.

రెండో చలికాలంలో రాజవ్వ పోయింది. పెద్ద జబ్బేమీ లేదు. పొద్దున లేవలేదు. కబురు తెలిసి మేస్త్రి చాల్ వాళ్లందరూ వచ్చారు. చెల్లాచెదురైన తర్వాత అంతమంది ఒకచోట చేరింది ఆ రోజే. మేజర్ సాబ్‌ను చూసి కొందరు మొహం తిప్పుకున్నారు. ఆ రోజు మేడ మీద నుంచి నా మీద అరిచిన కాకా మాత్రం వచ్చి పాడె ముందు కర్ర మేజర్ సాబ్ భుజం మీద పెట్టాడు. "కొడుకా అని పిలిచింది గద. పట్టు," అన్నాడు. ఆయన పట్టాడు. శ్మశానం దూరం. దారి అంతా గుంతలు. మధ్యలో ఎవరు భుజం మారుస్తామన్నా ఒప్పుకోలేదు.

ఆ మరుసటి వానాకాలానికి ఆయన పదవి గడువు తీరింది. పొడిగించలేదు. ఆయన అడగనూ లేదు. వీడ్కోలు చాయ్ గోడౌనులోనే. టైలర్ పని నేర్చుకున్న నాయక్ తను కుట్టిన చొక్కా తెచ్చి ఇచ్చాడు. ఆపరేటర్ సమోసాలు తెచ్చాడు. ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. కొత్త అధికారి ఇంకా చేరలేదు. జీపు ఆ రోజు వరకు ఆయనదే. దాదర్‌లో సాయంత్రం రైలు ఎక్కించడానికి నేను బయలుదేరాను.

"గల్లీలో నుంచి పోనీ," అన్నాడు డ్రైవరుతో.

సన్నగా చినుకులు. మేస్త్రి చాల్ ముందు ఆపమన్నాడు. దిగాడు. నేనూ దిగి వెనకే నడిచాను. పక్క సందులో నుంచి వెనక వైపుకి వెళ్లాడు. ఊతకర్రల్లో కొన్ని అప్పటికే ఎవరో పొయ్యిలోకి పట్టుకుపోయారు. మిగిలినవి వంగి ఉన్నాయి. పగులులో రావి మొక్క మొలిచింది. గోడ నిండా పచ్చటి నాచు. ఆ ఉబ్బు అలాగే ఉంది. లోపల ఎవరూ లేరు. పావురాలు మాత్రం ఉన్నాయి.

ఆయన గోడ ముందు నిలబడ్డాడు. చూస్తున్నాడనుకున్నాను. చేతిలోని గొడుగు కింద పెట్టాడు. రెండు అరచేతులూ గోడకు ఆనించాడు. నెట్టాడు.

మొదట నాకు అర్థం కాలేదు. తూలి ఆసరా పట్టుకున్నాడేమో అనుకుని పట్టుకోబోయాను. కాదు. మంచి కాలు వెనక్కి తన్నిపెట్టి, భుజాలు బిగించి, ఒళ్లంతా బరువు వేసి నెడుతున్నాడు. బురదలో బూటు జారుతోంది. సర్దుకుని మళ్లీ నెడుతున్నాడు. తల రెండు చేతుల మధ్యకు వాలిపోయింది.

"పడవే," అన్నాడు. తెలుగులో. నెమ్మదిగా, బతిమాలినట్టు. "పడవే, అమ్మా."

పావురాలు ఒక్కసారి లేచి మళ్లీ వాలాయి. గోడ కదలలేదు.

ఎంతసేపు అలా ఉన్నాడో చెప్పలేను. తర్వాత చేతులు తీసి రుమాలుతో తుడుచుకున్నాడు. గొడుగు నేను తీసి ఇచ్చాను. దాదర్‌కు బయలుదేరాం. రైలు కదిలే ముందు, "మీ అమ్మను అడిగానని చెప్పు," అన్నాడు. అంతే. మళ్లీ ఆయన్ని చూడలేదు.

నేను జీపులో తిరిగి గల్లీకి వచ్చాను. ఇల్లు ఎదురుగానే ఉంది. అమ్మ అన్నం పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుంది. అయినా లోపలికి వెళ్లలేక ఆ సందులోకి నడిచాను. ఇంకా వెలుతురు ఉంది. నాచు మీద రెండు అరచేతుల గుర్తులు పడి ఉన్నాయి, పది వేళ్లూ విడివిడిగా. వాటి మీదుగా వాననీళ్లు కారుతున్నాయి.